పేట నుంచి ప్యానెల్ దాకా... ఒక కోటు కథ

పోయిన ఫిబ్రవరిలో ఓ సాయంత్రం. విశాఖ జాలరిపేట ఒడ్డున, బోటు నీడలో కూర్చుని మా చిన్నాన్న చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. పక్కనే మా తమ్ముడు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. బీటెక్ అయింది, గాజువాక వైపు ఓ కంపెనీలో రెండేళ్లు పనిచేశాడు, నవంబరులో క్యాట్ రాశాడు. బిజినెస్ స్కూల్ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. మార్చి రెండో వారం, హైదరాబాద్‌లో.

"సూటు ఉంటే మంచిదంట నానా" అన్నాడు మెల్లగా.

చిన్నాన్న చేతిలో పని ఆగింది. "సూటంటే... పెళ్లికొడుకులు ఏసుకుంటారు, అదేనేటి?"

"అదే గానీ, అది కాదు నానా."

ఈ "అదే గానీ, అది కాదు" అన్న మాట దగ్గరే మనలో చాలామంది ఇరుక్కుపోతాం. మన ఇళ్లలో సూటంటే రిసెప్షన్ స్టేజీ, మెరిసే కాలరు, జేబులో గులాబీ పువ్వు. ఇంటర్వ్యూ సూటు ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. అడుగుదామంటే సిగ్గు. చివరికి ఏదో ఒకటి కొనేస్తాం, లేదా ఎవరి దగ్గరో తెచ్చుకుంటాం.

నేను తెచ్చుకున్నాను. ఎనిమిదేళ్ల కిందట.

అద్దంలో హీరో, వెయిటింగ్ హాల్లో పెళ్లికొడుకు

అప్పుడు నాకూ ఇలాంటి పిలుపే వచ్చింది. మా బావ రిసెప్షన్‌కి కుట్టించుకున్న కోటు తీసుకెళ్లాను. నల్లగా నిగనిగలాడేది. కాలరు మీద శాటిన్ మెరుపు. ఇంట్లో అద్దం ముందు హీరోలాగే ఉన్నాను. అక్కడ వెయిటింగ్ హాల్లో కూర్చున్నాక చూస్తే మిగతావాళ్లంతా నేవీ బ్లూ, ముదురు బూడిద రంగుల్లో ఉన్నారు. నేనొక్కడినే ఊరేగింపు నుంచి తప్పిపోయి వచ్చినట్టు ఉన్నాను. పైగా చేతి మీద కంపెనీ లేబుల్ అలాగే ఉంది. అది తీసేయాలని మా బావకీ తెలీదు, నాకూ తెలీదు.

లోపలికి వెళ్లాక ప్యానెల్‌లో ఒకాయన నవ్వుతూనే అడిగారు, మీ నాన్నగారు ఏం చేస్తారని. "బిజినెస్ సార్" అన్నాను. ఏం బిజినెస్? "సీఫుడ్." ఎగుమతులా? ఏ దేశాలకి? ఎంత టర్నోవరు? మూడో ప్రశ్నకే నీళ్లు నమిలాను. మా నాన్న ఫైబర్ బోటు మీద వేటకెళ్తాడు. అమ్మ తట్ట పట్టుకుని ఎంవీపీ కాలనీలో చేపలమ్ముతుంది. ఆ రెండు ముక్కలు చెప్పడానికి నోరు రాలేదు.

సీటు రాలేదు. చాలా రోజులు ఆ కోటునే తిట్టుకున్నాను.

అందుకే తమ్ముడి విషయంలో ఒకటే అనుకున్నాను. వీడు కోటు గురించి ఇప్పుడే ఆలోచించాలి, ఇంటర్వ్యూ గదిలో దాని ఊసే గుర్తు రాకూడదు.

ముందు లెక్క: అసలు సూటు కావాలా?

మొదట కాల్ లెటర్ పూర్తిగా చదవండి. చాలా వాటిలో "ఫార్మల్స్" అనే మాట మాత్రమే ఉంటుంది. నీట్‌గా ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ముదురు ప్యాంటు, టై, నల్ల బూట్లు కూడా ఫార్మల్సే. బిజినెస్ స్కూళ్లు ప్రకటించే ఎంపిక లెక్కల్లో క్యాట్ స్కోరు, ఇంటర్వ్యూ, చదువులో మార్కులు, పని అనుభవం లాంటివి కనిపిస్తాయి. "సూటుకి ఇన్ని మార్కులు" అని ఎక్కడా ఉండదు.

మరి ఎందుకు కొనాలి? రెండు కారణాలు. ఒకటి, చుట్టూ అందరూ సూట్లలో ఉన్నప్పుడు మనం చొక్కాతో కూర్చుంటే మనసు సగం దాని మీదే ఉంటుంది. రెండు, సీటొస్తే ఆ సూటుతో రెండేళ్లు పని ఉంటుంది. ప్రెజెంటేషన్లు, సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు, ప్లేస్‌మెంట్లు. ఒక్కరోజు ఖర్చు కాదు.

బట్టలకీ బుర్రకీ సంబంధం ఉందా అని పరిశోధకులు కూడా చూశారు. 2012లో హాయో ఆడమ్, ఆడమ్ గలిన్‌స్కీ ఓ ప్రయోగం గురించి రాశారు. డాక్టరు కోటని చెప్పి తెల్లకోటు వేయిస్తే మనుషుల ఏకాగ్రత పెరిగిందన్నారు. 2019లో వేరే బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ తేడా కనిపించలేదు. అంటే కోటు మనకి తెలివి తెచ్చిపెడుతుందని నమ్మక్కర్లేదు. చికాకు పెట్టకుండా ఉంటే చాలు.

మా ఇంట్లో ఇంకో లెక్క కూడా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంటర్వ్యూలేమో సరిగ్గా దానికి ముందు, ఫిబ్రవరి, మార్చిల్లో. ఇంట్లో ప్రతి రూపాయి ఆ రెండు నెలల కోసం దాచుకునే టైమది. చిన్నాన్న బోటు ఇంజన్‌కి రిపేరు కూడా ఉంది. అయినా ఆయన "పదిహేనేలైనా పర్లేదు, మంచిదే తీసుకో" అన్నాడు. పిన్ని చీటీ పాట పాడతానంది.

తమ్ముడు తల దించుకున్నాడు. నేను చెప్పాను: "పదివేలు దాటొద్దు. బూట్లతో కలిపి."

రెడీమేడా, కుట్టించుకోవడమా?

ముందు జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల షాపుల్లో రెడీమేడ్ సూట్లు చూశాం. అక్కడో చిక్కొచ్చింది. మావాడు పదో తరగతి నుంచి సెలవుల్లో వల లాగినవాడు. ఛాతీ 40 అంగుళాలు, నడుము 29. రెడీమేడ్ సూట్లు ఎక్కువగా ఛాతీకీ నడుముకీ ఆరంగుళాల తేడాతో కుడతారు. అంటే 40 కోటుకి 34 ప్యాంటు. కోటు భుజాలకి సరిపోతే ప్యాంటు జారిపోతోంది. ప్యాంటు సరిపోతే కోటు చేతులు పైకెత్తనివ్వట్లేదు.

మీదీ ఇలాంటి ఒళ్లయితే, జిమ్ భుజాలైనా వల భుజాలైనా, రెండు దారులున్నాయి. కోటు, ప్యాంటు విడివిడిగా అమ్మేచోట ఒకే బట్టలో వేర్వేరు సైజులు తీసుకోవడం. లేదంటే కుట్టించుకోవడం.

రెడీమేడ్ కొనేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. భుజం సరిగ్గా ఉండాలి. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివరే ఆగాలి. చెయ్యి పొడవు తగ్గించొచ్చు, నడుము దగ్గర లోపలికి పట్టొచ్చు, ప్యాంటు కింద మడత మార్చొచ్చు. భుజం మార్చడమంటే మాత్రం దాదాపు కోటంతా విప్పి కుట్టడమే. దానికయ్యే ఖర్చూ, తలనొప్పీ రెండూ ఎక్కువే.

మేం కుట్టించుకోవడానికే మొగ్గాం. 58 అంగుళాల పన్నా బట్టయితే మామూలు ఒళ్లున్నవాళ్లకి కోటు, ప్యాంటుకి కలిపి మూడు, మూడుంపావు మీటర్లు సరిపోతుంది. టైలర్‌కి మూడు వారాల ముందే ఇవ్వండి. పెళ్లిళ్ల సీజనైతే ఇంకా ముందు. మొత్తం కుట్టేశాక కాదు, టాకాలు వేసిన దశలోనే ఓ ట్రయల్ ఉండాలని ఇచ్చేటప్పుడే చెప్పేయండి. అప్పుడు కనిపించిన తప్పు పది నిమిషాల్లో సరవుతుంది.

విశాఖ ఉక్కపోతకి ఏ బట్ట?

మన తీరంలో ఎండ కంటే ఉక్క ఎక్కువ. మార్చి వచ్చిందంటే ఫ్యాను కింద కూడా చొక్కా వీపుకి అంటుకుంటుంది. ఇక కోటంటే ఊహించుకోండి. లాయర్ల నల్లకోటు విషయంలో కూడా వేసవిలో కింది కోర్టుల్లో తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. వేడి సంగతి చట్టానికీ తెలుసు!

షాపులో మూడు రకాలు చూపిస్తారు.

మొదటిది, టెరీ రేయాన్. షాపువాళ్లు టీఆర్ అంటారు. పాలిస్టర్, విస్కోస్ కలిసిన నేత. ధర తక్కువ, ముడతలు తక్కువ. గాలి మాత్రం అంతగా ఆడదు.

రెండోది, పాలీ ఊల్. ఊలు కలిసిన బట్ట. ఊలంటే స్వెట్టరు గుర్తుకొచ్చి భయపడకండి. పల్చటి నేతలో ఊలు చెమటని పీల్చుకుని బయటికి వదులుతుంది. ధర మధ్యస్థం.

మూడోది, పూర్తి ఊలు. సూపర్ 100, సూపర్ 120 అని నంబర్లు కనిపిస్తాయి. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. అంటే మెత్తగా ఉంటుంది, త్వరగా నలుగుతుంది కూడా. మొదటి సూటుకి ఆ పోటీ అనవసరం.

మేం పల్చటి పాలీ ఊల్ తీసుకున్నాం, నేవీ బ్లూ. బట్టని పిడికిట్లో పదిసెకన్లు నలిపి వదిలి చూడండి. ముడత దానంతటదే పోతే రైలు ప్రయాణం తట్టుకుంటుంది. వీపు వైపు సగమే లైనింగ్ వేయమని టైలర్‌ని అడగండి. వేడి తేడా మీకే తెలుస్తుంది.

రంగు గురించి వాదనొద్దు. నేవీ బ్లూ, లేదా ముదురు బూడిద. నలుపు తప్పేమీ కాదు గానీ మన దగ్గర నల్లసూటు చూడగానే ఫంక్షనో, హోటలో గుర్తొస్తుంది. గీతలు, మెరుపులు, కాంట్రాస్టు గుండీలు వద్దు. చొక్కా తెలుపు, లేదంటే లేత నీలం కాటన్. టై ముదురు రంగులో, చివర బెల్టు బకిల్‌ని తాకేలా.

ఎవరూ చెప్పని చిన్న సంగతులు

కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా దారం ఉంటుంది. అది షాపులో ఆకారం చెడకుండా వేసింది. కత్తిరించేయండి. చేతి మీద లేబుల్ కూడా అంతే. అది ఆభరణం కాదు.

రెండు గుండీల కోటైతే పైదే పెట్టుకోవాలి. కిందది ఎప్పుడూ వదిలేయాలి. కూర్చునేటప్పుడు పైదీ విప్పేయాలి, లేస్తూ పెట్టుకోవాలి. ఈ కదలిక ఇంట్లో ఇరవైసార్లు ప్రాక్టీస్ చేయండి. నవ్వొస్తుంది, పర్లేదు.

చేతులు కిందికి వదిలితే కోటు అంచు దాటి చొక్కా ఓ సెంటీమీటరు కనిపించాలి. కూర్చున్నప్పుడు కాలి చర్మం కనపడకుండా సాక్సు పొడవుగా ఉండాలి. కొత్తబూట్లు వారంరోజులు ముందే ఇంట్లో తొడుక్కుని తిరగండి. ఇంటర్వ్యూ రోజు బొబ్బలతో కుంటడం కంటే పాత బూట్లకి పాలిష్ కొట్టడం నయం.

అమ్మాయిలకి దారులు ఎక్కువ. సూటు, సల్వార్, చీర, ఏదైనా ఫార్మలే. వేసుకుని మెట్లెక్కి, గంటసేపు కూర్చుని చూడండి. పిన్నులు, చున్నీ గురించి గదిలో ఒక్కసారి కూడా ఆలోచించక్కర్లేనిదే మీ డ్రెస్సు. ఎప్పుడూ కట్టని చీర ఆ రోజే మొదటిసారి కట్టొద్దు.

వాసన సంగతి

ఇది మా పేటవాళ్లు పైకి మాట్లాడుకోని విషయం. బీరువా తెరిస్తే సముద్రపు తేమ. ఇంటి ముందు తాటాకుల మీద ఎండుచేపలు. తమ్ముడు కోటు తెచ్చుకున్న రోజు దాన్ని ఇంట్లో పెట్టడానికే జంకాడు. "అన్నయ్యా, నీ రూములో ఉంచుతావేటి?" అన్నాడు. పిన్ని విని ఏమీ అనలేదు. లోపలికెళ్లిపోయింది.

మర్నాడు చూస్తే ఎండుచేపల తట్టలన్నీ వాళ్లక్క ఇంటి డాబా మీదికి చేరాయి.

నిజానికి దీనికి మార్గం తేలికే. ఉప్పుగాలి, తేమ ఉన్న ఊళ్లో కోటుని ప్లాస్టిక్ కవర్లో బిగించి ఉంచితే బూజు పడుతుంది. గాలాడే గుడ్డసంచిలో, వెడల్పాటి హ్యాంగర్‌కి వేయండి. నాఫ్తలీన్ ఉండలు పెడితే వాటి వాసనే చేపల వాసనకంటే ముందు పలకరిస్తుంది. ఇంటర్వ్యూకి రెండురోజుల ముందు నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయండి. సెంటు కుమ్మరించొద్దు. చిన్న గదిలో ఏసీ వేసి ఉంటుంది, ఎదుటివాళ్లకి ఊపిరాడదు.

మా తమ్ముడికి ఇదంతా చెప్పి, కోటు వాళ్లింట్లోనే పెట్టమన్నాను.

ఆ రాత్రి చిన్నాన్న కోటుని లైటు దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వల ముడి చూసినట్టే కుట్లు తడిమాడు. "ఈ గుండీ నిలబడదురా. లాగితే వొచ్చెత్తాది" అన్నాడు. నిజమే, పైగుండీ దారం వదులుగా ఉంది. ఆయనే సూది తీసుకుని మళ్లీ కుట్టాడు. గుండీకి, బట్టకి మధ్య కాస్త దారం వదిలి, దాని చుట్టూ నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. మంచి టైలర్లు కూడా గుండీ అలాగే కుడతారు. బట్ట మందం పట్టడానికి ఆ చోటు కావాలి. ఆయనకెవరూ నేర్పలేదు.

గోదావరిలో సూటు

సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. సూటు వేసుకుని రైలెక్కకండి. కోటుని భుజాల దగ్గర లోపలిది బయటికి తిప్పి, ఒక భుజంలోకి ఇంకోటి దూర్చి, మధ్యలో టవలు పెట్టి మడిస్తే ముడత తక్కువ పడుతుంది. దిగాక బాత్‌రూములో వేడినీళ్ల ఆవిరిలో పదినిమిషాలు వేలాడదీస్తే మిగతాది సర్దుకుంటుంది. ఇంకో చొక్కా, ఇంకో జత సాక్సులు బ్యాగులో ఉండాలి. చాయ్ ఎప్పుడు ఒలుకుతుందో ఎవరికి తెలుసు?

ప్రయాణానికి ముందురోజు వాడిని కూర్చోబెట్టి ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేశాను. "మీ నాన్నగారు ఏం చేస్తారు?"

కొంచెం ఆగాడు. "ఫిషరీస్ బిజినెస్..."

నా గుండె ఝల్లుమంది. ఎనిమిదేళ్ల కిందటి నేనే ఎదురుగా కూర్చున్నట్టుంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఆ మూడు ప్రశ్నల కథ వాడికి చెప్పాను. ఆ రోజు నన్ను ముంచింది కోటు కాదని, నేను చెప్పిన అబద్ధమని కూడా చెప్పాను.

తర్వాత ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. వేట నిషేధం ఎన్నిరోజులు, ఎందుకు? చేపలు గుడ్లు పెట్టే కాలం గనక. ఆ టైములో ప్రభుత్వమిచ్చే సాయం ఎంత? మన రాష్ట్రంలో 2025లో పదివేల నుంచి ఇరవైవేలకి పెరిగింది. 2022 జనవరిలో రింగు వలల మీద మా తీరంలో గొడవ ఎందుకైంది? ఒకే సముద్రాన్ని పెద్దవల, చిన్నవల ఎలా పంచుకోవాలన్నదే దాని వెనకున్న ప్రశ్న. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడినప్పుడు బతుకుతెరువు ఒక్కరాత్రిలో పోతే ఏమవుతుంది? డీజిల్ ఖర్చు, ఐసు ఖర్చు, వేలంపాటలో ధర ఎవరు తేలుస్తారు? సప్లై చైన్ అని పుస్తకాల్లో ఉండేదంతా వాళ్లమ్మ తట్టలోనే ఉంది. వాడికి అన్నీ తెలుసు. అవి "జవాబులు" అని మాత్రం తెలీదు.

తిరిగొచ్చాక

"ఏమడిగారు?" అని ఫోన్లో అడిగాను.

"నాన్న గురించే అన్నయ్యా. చేపల వేట అని చెప్పేశాను. పావుగంట దాని మీదే అడిగారు. నిషేధం టైములో ఇల్లెలా గడుస్తదన్నారు. మా ఇంటి లెక్కే చెప్పాను."

"కోటు?"

"కోటేటి?" అన్నాడు. ఓ క్షణం ఆగి నవ్వాడు. "దాని సంగతే మర్చిపోయాన్రా బాబూ!"

సూటు సరిగ్గా ఎంచుకున్నామనడానికి నాకు తెలిసిన గుర్తు ఇదొక్కటే.

ఒకచోట వెయిటింగ్ లిస్టు, ఇంకోచోట సీటు వచ్చాయి. జూన్‌లో బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగేటప్పటికి వాడు హాస్టల్‌కి బయల్దేరే హడావిడిలో ఉన్నాడు. ఇక్కడ మన విశాఖలోనే 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలైన ఐఐఎం, ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్‌లో ఉంది. దాన్ని 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితం చేశారు. మా పేట నుంచి బండి మీద వెళ్లొచ్చేంత దూరం. అయినా అటువైపు చూడాలన్న ఆలోచన మా తరంలో ఎంతమందికి వచ్చింది?

న్యూయార్క్‌లో రివర్‌సైడ్ లైబ్రరీ 2018లో ఇంటర్వ్యూలకెళ్లేవాళ్లకి పుస్తకాల్లాగే టైలు, బ్రీఫ్‌కేసులు అరువిచ్చిందని ఎక్కడో చదివి తమ్ముడికి చెప్పాను. అప్పుడేమీ అనలేదు.

హాస్టల్‌కి వెళ్లే ముందు అడిగాడు, "దసరాకి వచ్చేటప్పుడు కోటు తెస్తాను. మనోళ్లలో ఎవరికైనా ఇంటర్వ్యూ ఉంటే చెప్పు అన్నయ్యా. మన పేట కుర్రాళ్లవి అందరివీ ఇవే భుజాలు కదా."

పక్క వీధిలో ఓ కుర్రాడికి నవంబరులో బ్యాంకు ఇంటర్వ్యూ ఉంది. కొలతలు చూశాం. చెయ్యి అరంగుళం తగ్గించాలి, అంతే. చిన్నాన్నకి చెబితే "తగ్గించొద్దు, లోపలికి మడత పెట్టి కుట్టండి. తర్వాతోడు పొడుగ్గా ఉంటే?" అన్నాడు.